ముందు నా దగ్గరికే వచ్చాడు

తెరేసమ్మకు సరైన ఫోటో ఒక్కటీ లేదు. పెళ్ళినాడు కంకిపాడు నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు చర్చి ముందు అందర్నీ వరసగా నిలబెట్టాడు. తీరా మీట నొక్కే వేళకు ఆమెకు తుమ్మొచ్చింది. ఫోటోలో పెళ్ళికొడుకు శౌరయ్య కర్ర మింగినట్టు నిటారుగా ఉంటాడు. పెళ్ళికూతురి ముఖం ఉండవలసిన చోట తెల్లటి మసక ఉంటుంది. ఆ తర్వాత పదేళ్ళకు గుణదల తిరునాళ్ళలో పేటవాళ్ళంతా కలిసి ఒక ఫోటో తీయించుకున్నారు. అందులో ఆమె ముందు నిలబడ్డవాడు బాలశౌరి. వాడు ఆ రోజే కొత్త తలపాగా చుట్టుకొచ్చాడు. కాబట్టి ఆ ఫోటోలో తెరేసమ్మ అంటే బాలశౌరి తలపాగా వెనక కాస్త జుట్టు, ఒక చెవి పోగు. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనేది కాదు. మరిచిపోయిందీ లేదు.

మనిషి చూడ్డానికి బాగుండేది. పొడగరి, చామనఛాయ, కోటేరులాంటి ముక్కు. బెజవాడ వన్‌టౌన్ మార్కెట్లో ఆకుకూరలమ్మే ఆడవాళ్ళు పదిహేనుమంది ఉంటే, దూరం నుంచి చూసినవాళ్ళకు ముందు కనిపించేది ఆమే. కొబ్బరికాయల కొట్టు అరుగు కింద, మధ్యాహ్నం దాకా నీడ తప్పని చోటు ఆమెది. అత్త అమలమ్మ దగ్గర్నుంచి వచ్చిన చోటు. తెల్లారకముందే రేవుకు వెళ్ళి, లంకల నుంచి పడవల్లో దిగే గోంగూర, తోటకూర, చుక్కకూర తనే ఏరి తెచ్చుకునేది. కాడలన్నీ ఒక్క కొలతకు సర్ది, తడిపిన అరటినారతో మూడు చుట్లు చుట్టి, కొసను ముడి వేయకుండా లోపలికి దోపేది. విప్పితే ఒక్క ఎండుటాకు ఉండేది కాదు. కట్టలు బుట్ట చుట్టూ మెట్లుమెట్లుగా పేర్చి, పైన చేత్తో నీళ్ళు చిలకరించి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకునేది. పొద్దున్నే ఆమె చేసే పనుల్లో ప్రార్థన కంటే శ్రద్ధగా చేసేది అదేనని శౌరయ్య ఎగతాళి చేసేవాడు.

పక్క బుట్ట మాణిక్యమ్మది. ఎనిమిదేళ్ళ కిందట చల్లపల్లి వైపు నుంచి మొగుణ్ణి పోగొట్టుకుని వచ్చి, రేవులో ఎవరో అంటగట్టిన మగ్గిపోయిన తోటకూర ముందేసుకుని ఏడుస్తుంటే, తెరేసమ్మ చెయ్యి పట్టుకుని మార్కెట్టుకు తీసుకొచ్చింది. తన చోటులో సగం చోటిచ్చింది. నార చుట్టడం నేర్పింది. ఏ లంక కూర ఏ నెలలో తియ్యగా ఉంటుందో, ఏ హోటలు వంటవాడు ఎంతకు దిగుతాడో చెప్పింది. మాణిక్యమ్మ పొట్టిగా, గుండ్రంగా, మాట తక్కువగా ఉండే మనిషి. తెరేసమ్మ మాట్లాడేది, ఆమె వినేది. రోజంతా ఇద్దరికీ అదే కాలక్షేపం. ఒకరు లేచి వెళితే రెండో మనిషి రెండు బుట్టలూ చూసేది. అది ఆ బజారు కట్టుబాటు. పక్క బుట్టకు కన్ను వేసి ఉంచనివాళ్ళ పక్కన ఎవరూ కూర్చోరు.

ఇంకో కట్టుబాటు బోణీ. పొద్దున మొదటి కట్ట అమ్ముడయ్యేదాకా బుట్ట ముందు ఎవరూ ఊరికే నిలబడకూడదు. చూసి, కొనకుండా వెళ్ళిపోతే ఆ రోజు బేరం మట్టికొట్టుకుపోయినట్టే. తెరేసమ్మ ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. బోణీ పైసల్ని కళ్ళకద్దుకుని, వాటితోనే సిలువ గుర్తు వేసుకుని, గోనెపట్టా కింద పెట్టేది. ఈ పిచ్చి మానుకోమని ఫాదరుగారు ఒకసారి మందలించారు. ఆయన ఏనాడూ ఆకుకూర అమ్మలేదు కదా అని ఆమె సరిపెట్టుకుంది.

డెబ్భై నాలుగు ఎండాకాలంలో ఒక పొద్దున, ఇంకా బోణీ కాకముందే, చేసంచీ, ఒక పెద్ద అట్టా పట్టుకుని బక్కపలచటి మనిషి ఒకాయన వచ్చి ఆమె బుట్టకు ఎదురుగా నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. ఒక కన్ను మూసి, చెయ్యి ముందుకు చాచి, నిలువుగా పట్టుకున్న పెన్సిలు పక్కనుంచి ఆమెను, బుట్టను, మళ్ళీ ఆమెను చూశాడు. రెండు అడుగులు వెనక్కి వేసి మళ్ళీ చూశాడు. తెరేసమ్మకు ఒళ్ళు మండింది.

“ఏంటండీ అట్టా నిలబడ్డారు? ఇంకా బోణీ అవలేదు. కొంటే కొనండి, లేకపోతే పక్కకి జరగండి” అంది.

ఆయన తడబడ్డాడు. క్షమించమన్నట్టు తల ఊపి నాలుగడుగులు పక్కకు జరిగి, ఖాళీ తట్ట ఒకటి బోర్లించుకుని మాణిక్యమ్మ ఎదురుగా కూర్చున్నాడు. మాణిక్యమ్మకు అప్పటికే బోణీ అయింది. ఆమెకు అభ్యంతరం లేకపోయింది. ఆయన నాలుగు రోజులు పొద్దున్నే వచ్చాడు, అట్ట మీద గీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. మునిసిపల్ స్కూలు డ్రాయింగు మాస్టారట, పేరు బసవపున్నయ్యగారట అని కొబ్బరికాయల కొట్టాయన చెప్పాడు. తెరేసమ్మ ఆ సంగతి అంతటితో మరిచిపోయింది.

దసరాకు మాస్టారు స్వయంగా మార్కెట్టుకు వచ్చాడు. గాంధీనగర్‌లో ఒక హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టారనీ, మాణిక్యమ్మ బొమ్మ అక్కడ ఉందనీ, తప్పకుండా వచ్చి చూడాలనీ పిలిచాడు. ఆకుకూరల వరస మొత్తం మూడు రిక్షాల్లో బయల్దేరింది. తెరేసమ్మ తలనొప్పి అంది. నిజంగానే వచ్చింది కూడా. అసూయకు తల కూడా నొప్పి పుడుతుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి ఒకటే చెప్పడం. గుమ్మమంత బొమ్మట. బజారు బజారంతా ఉందట, జనం, గొడుగులు, రిక్షాలు, కొబ్బరికాయల గుట్ట. వాటన్నిటి నడుమా మాణిక్యమ్మ. ఆమె ముఖంలో ఏదో ఉందట. ఏమిటో చెప్పలేకపోయారు గానీ, చూస్తుంటే మనకూ నవ్వు వస్తుందట. పైగా ఆదివారం పేపర్లో ఆ బొమ్మ అచ్చయింది. కింద ఎవరో నాలుగు ముక్కలు రాశారు. కాలేజీలో చదువుకునే కుర్రాడెవడో వరసలోవాళ్ళందరికీ చదివి వినిపించాడు. ఆ ముఖంలోని వెలుగు గురించి రాశారు. ఆకుకూర కట్టల పొందిక గురించి, నార చుట్టిన తీరు గురించి కూడా రాశారు.

నార చుట్టిన తీరు! తెరేసమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఇక్కడ తెరేసమ్మ తరఫున ఒక మాట చెప్పాలి. మనకు రానిది పరాయివాళ్ళకు వస్తే అంత బాధ లేదు. మన గుమ్మంలోకి వచ్చినదాన్ని మన నోటితోనే వెళ్ళగొట్టి, అది పక్కింట్లో పీట వేసుకుని కూర్చోవడం రోజూ కళ్ళారా చూడవలసి రావడమే కష్టం. ఆమెకు రాత్రీ పగలూ అదే ఆలోచన. ఆ పూట బోణీ ఒక్క నిమిషం ముందు అయి ఉంటే? లేకపోతే ఆ పెన్సిలాయన ఒక్క కట్ట కొని ఉంటే? తన ముక్కు, తన పొడుగు, తను పేర్చిన మెట్లు. ఆ గుమ్మమంత బొమ్మలో కూర్చోవలసింది తనే.

మొదట్లో మాటలతో తీర్చుకుంది. ఎవరు వచ్చి బొమ్మ సంగతి ఎత్తినా, “ముందు నా దగ్గరికే వచ్చాడు. నేనే జరగమన్నాను” అనేది. విన్నవాళ్ళు తలూపేవాళ్ళు. నమ్మలేదని ఆ తలూపడంలోనే తెలిసేది. మాణిక్యమ్మ మాత్రం ప్రతిసారీ, “అవునండీ, ముందు అక్క దగ్గరికే వచ్చారు” అని వంత పాడేది. అది తెరేసమ్మకు ఇంకా మంట. జాలిపడి సాక్ష్యం చెబుతున్నట్టు వినిపించేది.

పేపరు చూసిన జనం రావడం మొదలైంది. గవర్నరుపేట నుంచి రిక్షా కట్టించుకుని వచ్చిన ఆడవాళ్ళు, బొమ్మలో ఉన్నది నువ్వేనా అని అడిగి, నాలుగు కట్టలు ఎక్కువే కొనుక్కుని పోయేవాళ్ళు. తెరేసమ్మ బుట్ట పక్కనే ఉన్నా అటు చూసేవాళ్ళు కారు. పది రోజులు చూసి, ఆమె మాణిక్యమ్మతో మాట్లాడటం మానేసింది. పొద్దున్నే గోనెపట్టా పరిచేటప్పుడు దాన్ని ఒక బెత్తెడు అటు జరిపేది. మర్నాడు ఇంకో బెత్తెడు. మాణిక్యమ్మ బుట్టను అంతమేర లాక్కునేది. కార్తీకం వచ్చేసరికి సగం చోటు కాస్తా మూరెడయింది.

ఈ మధ్యలో తెరేసమ్మను ఊరడించింది ఒకే ఒక్క సంగతి. బొమ్మ చూసి వచ్చినవాళ్ళు మనిషిని చూసి పెదవి విరవడం మొదలుపెట్టారు. బొమ్మలో ఉన్న కళ మనిషిలో లేదే అని ఒకామె మొహానే అనేసింది. మాస్టారి గొప్పతనమే గానీ ఈమెదేముంది అని ఇంకొకాయన అన్నాడు. నిజంగానే మాణిక్యమ్మ ముఖం ఆ నెలల్లో వాడిపోయి ఉండేది. తల వంచుకుని నార చుట్టుకుంటూ కూర్చునేది. తెరేసమ్మ ఆ మాటల్ని తమలపాకు నమిలినట్టు రోజంతా నమిలేది.

ఒక శుక్రవారం మాణిక్యమ్మ నీళ్ళకోసం పంపు దగ్గరికి వెళుతూ, అలవాటు కొద్దీ, “అక్కా, కాస్త చూస్తుండు” అంది. తెరేసమ్మ నార తడుపుకుంటూ కూర్చుంది. మాణిక్యమ్మ చెంబు పట్టుకుని మలుపు తిరిగిందో లేదో, బజార్లో తిరిగే ఎర్రావు ఒకటి తీరిగ్గా వచ్చి కొత్తిమీరలో మూతి పెట్టింది. ఒక్కసారి హే అంటే చాలు, పోయేది. తెరేసమ్మ చేతికి అందేంత దూరంలోనే ఉంది దాని కొమ్ము. ఆమె ఆవును చూసింది. కొబ్బరికాయల కొట్టాయన అరుగు మీద లేడని, లోపల ఉన్నాడని చూసుకుంది. తర్వాత ముఖం అటు తిప్పుకుని, తన కట్టల మీద నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది. వెనకాల ఆవు నములుతున్న చప్పుడు స్పష్టంగా వినపడుతూనే ఉంది. ఆ చప్పుడు ఆమెకు హాయిగా ఉంది. ఇది రాయడానికి బాగుండదు గానీ, ఉన్నమాట.

మాణిక్యమ్మ తిరిగొచ్చేసరికి కొత్తిమీర అయిపోయి ఆవు తోటకూరకు వచ్చింది. ఆమె ఆవును తోలింది. మిగిలిన కాడల్ని ఏరి పక్కన పెట్టింది. తెరేసమ్మ వంక ఒక్కసారి చూసింది. తిట్టి ఉంటే తెరేసమ్మ రెండు తిట్టేది, గొడవ అయిపోయేది. మాణిక్యమ్మ తిట్టలేదు. మర్నాడు ఆ మూరెడు చోటూ ఖాళీగా ఉంది. వెనక వరసలో, పంపు పక్కన, పుదీనా అమ్మే రాజ్యలక్ష్మి దగ్గర ఆమెకు చోటు దొరికిందని అన్నారు. తెరేసమ్మ గోనెపట్టాను మొత్తం పరుచుకుని విశాలంగా కూర్చుంది. ఎనిమిదేళ్ళ తర్వాత చోటంతా తనదైంది. గెలిచినట్టే ఉంది.

క్రిస్మస్ ముందు ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక, ఆమె ఇంటికి పోకుండా సత్యనారాయణపురంలో మాస్టారి ఇంటికి బయల్దేరింది. కిందటేడు గుణదల పండక్కి కొన్న మంగళగిరి చీర కట్టుకుంది, తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. మాస్టారి భార్యకోసం ఏరి కట్టిన గోంగూర నాలుగు కట్టలు సంచిలో ఉన్నాయి. బొమ్మను హైదరాబాదు వాళ్ళెవరో కొనుక్కున్నారని, ఇంకో రెండు రోజుల్లో రైలెక్కుతుందని కొబ్బరికాయల కొట్టాయన చెప్పాడు. అది వెళ్ళిపోయేలోగా తన బొమ్మ కూడా వేయించుకోవాలని ఆమె నిశ్చయించుకుంది. ఎట్లా అడగాలో దారంతా అనుకుంటూ వెళ్ళింది.

మాస్టారు వసారాలో గోనెగుడ్డా సుతిలీ తాడూ పట్టుకుని బొమ్మను కట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమెను చూడగానే గుర్తుపట్టి నవ్వాడు. “బోణీ అవలేదని నన్ను జరగమన్నది మీరే కదూ” అన్నాడు. తెరేసమ్మకు ఆ మాట తేనెలా తగిలింది. లోకంలో ఒక్కడైనా నిజం ఒప్పుకున్నాడు. వచ్చిన పని చెప్పబోయింది. అప్పుడు బొమ్మ కనిపించింది.

వాళ్ళు చెప్పినంత పెద్దదే. జనం, గొడుగులు, కొబ్బరికాయలు, అన్నీ ఉన్నాయి. నడుమ మాణిక్యమ్మ. ఒక చేతిలో నార, రెండో చేతిలో సగం చుట్టిన కట్ట. ఆమె మనవంక చూడటం లేదు. ముఖం ఎడమ పక్కకు తిప్పి ఉంది. ఎవరో ఏదో అంటుంటే వింటోంది. నవ్వు పెదవుల దాకా వచ్చి అక్కడ ఆగింది. కళ్ళు మాత్రం ఆగలేదు. చిన్నపిల్ల పండుగ బట్టలు చూసినట్టు చూస్తోంది ఆ మనిషిని. ఆ మనిషి బొమ్మలో లేదు. ఎడమ అంచున ఒక మోచెయ్యి, నాలుగు ఆకుపచ్చ గాజులు, అంతే.

తెరేసమ్మ తన చేతికేసి చూసుకుంది. అవే గాజులు.

“నాలుగు రోజులు కూర్చున్నాను. ఒక్కసారీ నా వంక చూడలేదావిడ” అన్నాడు మాస్టారు. “మీ వంకే. మీరేం చెబుతుండేవారో గానీ, ఆ చూపు చూశాక నాకింకేమీ వెయ్యబుద్ధి కాలేదు. మిమ్మల్నీ వేద్దామనుకున్నాను. మళ్ళీ జరగమంటారని భయమేసింది.”

ఏం చెబుతుండేదో తెరేసమ్మకు బాగా గుర్తుంది. ఆయన గురించే. చూడవే మాణిక్యం, పెళ్ళిచూపులకొచ్చినోడిలాగా ఎట్టా చూస్తున్నాడో, పాట పాడమంటాడేమో, నీకు వచ్చా అని ఆట పట్టించింది. మాణిక్యమ్మ నవ్వాపుకోలేక నారకట్ట నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరంతా పేపర్లో చూసి మెచ్చుకున్నది ఆ నవ్వును. ఎనిమిదేళ్ళపాటు రోజూ తన పక్కన, తనకోసం ఉన్న నవ్వు. తనకు అలవాటైపోయి ఒక్కనాడూ తిరిగి చూడలేదు.

వచ్చిన పనేమిటని మాస్టారు అడిగాడు. ఆమె ఇంకా బొమ్మనే చూస్తుంటే ఆయనే ఊహించుకుని, దానికేముంది, కూర్చోండి, మీ బొమ్మ కూడా వేస్తాను అని పీట వేయించాడు. అట్ట తీసుకున్నాడు. తెరేసమ్మ కూర్చుంది. ఇన్నేళ్ళుగా కోరుకున్నది ఇదే. ఒక మనిషి తనకెదురుగా కూర్చుని, తననే చూస్తూ, తన ముక్కును తన ముక్కులాగా గీయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయన రెండు గీతలు గీసి ఆగాడు. మరీ బిగుసుకుపోయారు అన్నాడు. నన్ను చూడొద్దు, పక్కన మీకు ఇష్టమైనవాళ్ళు కూర్చున్నారనుకుని అటు చూడండి, అదే వస్తుంది అన్నాడు.

తెరేసమ్మ పక్కకు చూసింది. వసారా గోడ, గోడకు చేరేసిన సైకిలు. చాలాసేపు ప్రయత్నించింది. చివరికి, పని ఉందండీ అని లేచి, గోంగూర అరుగు మీద పెట్టి వచ్చేసింది.

సోమవారం పొద్దున బేరం నడుస్తుండగానే ఆమె బుట్ట మీద తడిగోనె కప్పి వెనక వరసకు వెళ్ళింది. ఆవు సంగతి ఒప్పుకోవాలని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయాలని అనుకుంది. జనాన్ని తప్పించుకుంటూ పంపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మాణిక్యమ్మ అక్కడే ఉంది. ముఖం వాడి లేదు. రాజ్యలక్ష్మి పుదీనా కాడలు తుంచుతూ, చెయ్యి తిప్పుతూ ఏదో కథ చెబుతోంది. మాణిక్యమ్మ ఆమె వైపు తిరిగి వింటోంది. నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగింది. కళ్ళు ఆగలేదు.

బొమ్మ గురించి పడ్డ కడుపుమంట అంతా ఈ మంట ముందు ఎందుకూ పనికిరాదని తెరేసమ్మకు ఆ నిమిషంలో తెలిసింది. రాజ్యలక్ష్మిని ఆమె ఎన్నడూ పట్టించుకున్నది లేదు. పుదీనా కట్టడం కూడా సరిగ్గా రాని మనిషి.

మాణిక్యమ్మ తలెత్తి చూసింది. నవ్వు మర్యాదగా సర్దుకుంది.

“మాణిక్యం, రేపట్నుంచి నా పక్కకి వచ్చెయ్యవే. నీ చోటు నీకుంది” అంది తెరేసమ్మ. ఆవు మాట ఎత్తలేదు.

మాణిక్యమ్మ చేతిలో ఉన్న కట్టకు మూడో చుట్టు చుట్టి, కొస లోపలికి దోపింది. “ఇక్కడ అలవాటైపోయిందక్కా” అంది. కోపంగా అనలేదు. పంపు కూడా దగ్గరేనని రాజ్యలక్ష్మి తోడుపలికి, కాస్త జరిగి కూర్చోమని చోటు చూపించింది.

తెరేసమ్మ కూర్చోలేదు. బుట్ట దగ్గర ఎవరూ లేరని చెప్పి వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసిందో లేదో వెనకనుంచి ఇద్దరి నవ్వూ వినిపించింది. ఆగిపోయిన కథ మళ్ళీ మొదలైనట్టుంది. అది తన గురించి కాదని ఆమెకు తెలుసు. తన గురించే అయినా బాగుండేదనిపించింది.